రోటవేటర్ షియర్ బోల్టు ఎంపిక: హోస్కోటె దగ్గర ఒక గేర్ బాక్స్ కేసు

బెంగళూరుకి తూర్పున, హోస్కోటె దాటాక ఉన్న పల్లెల్లో రాగి పంట దుక్కికి గంటల లెక్కన తిరిగే ఆరడుగుల రోటవేటర్ ఇది. ముందు 45 హెచ్‌పీ ట్రాక్టర్, పీటీఓ (ట్రాక్టర్ వెనక నుంచి పనిముట్టుకి శక్తి అందించే షాఫ్ట్) నిమిషానికి 540 చుట్లు, రోటర్‌కి 42 ఎల్ ఆకారపు బ్లేడ్లు. వర్క్‌షాప్‌కి వచ్చేసరికి గేర్ బాక్స్‌లో క్రౌన్‌కి రెండు పళ్లు ఊడిపోయాయి, దానితో కలిసి తిరిగే చిన్న గేరు పినియన్ పళ్ల అంచులు చిట్లాయి, పీటీఓ షాఫ్ట్‌లో రోటవేటర్ వైపు క్రాస్ (వంపులోనూ తిప్పే జాయింటు) కప్పు పగిలి బేరింగు సూదులు గ్రీజులో కలిసిపోయాయి. షాఫ్ట్‌ని మెషీన్‌కి కలిపే షియర్ బోల్టు మాత్రం నిక్షేపంగా ఉంది. మూలం అక్కడే ఉంది.

షియర్ బోల్టు పని తెగడం. రోటర్‌కి రాయో వేరో అడ్డం పడి ఒక్కసారిగా ఆగితే, వెనక తిరుగుతున్న ఇంజన్, ఫ్లైవీల్ బరువు వెంటనే ఆగవు. ఆ ఊపంతా షాఫ్ట్‌ని మెలిపెడుతుంది. ఎక్కడో ఒక చోట ఏదో ఒకటి తెగేదాకా టార్క్ పెరుగుతూనే పోతుంది. పదీ పదిహేను రూపాయల బోల్టు ముందు తెగేలా అమర్చుకుంటే, వేల రూపాయల క్రౌన్ పినియన్ మిగులుతుంది. మంచు దేశాల్లో వాడే స్నోబ్లోయర్లలోనూ ఇదే ఏర్పాటు: మంచుని లోపలికి లాగే ఆగర్‌ని దాని షాఫ్ట్‌కి కలిపేది చిన్న షియర్ పిన్నే. చాలావాటిలో ఆ పిన్నుకి గాడి కూడా కోసి ఉంటుంది, ఎక్కడ తెగాలో ముందే తేల్చి పెట్టడానికి. మన రోటవేటర్ బోల్టుకి అలాంటి గాడి ఉండదు కాబట్టి సైజు, గ్రేడు, మర ఎక్కడ మొదలవుతుందన్నది, ఈ మూడూ మనమే చూసుకోవాలి.

దెబ్బకి ముందు జరిగింది

డ్రైవర్ చెప్పిన వరస ఇది. సీజన్ మొదట్లో బోల్టు రోజుకి రెండు మూడు సార్లు తెగేది. రాయి తగలకపోయినా, మెత్తటి నేలలో కూడా తెగేది. ఊళ్లో దొరికిన విడి బోల్టులు, తల నుంచి కొస దాకా మర ఉన్నవి, సంచీలో వేసుకుని తిరిగేవాడు. తెగిన ప్రతిసారీ ఇరవై నిమిషాలు పోయేవి. అద్దెకి పిలిచిన రైతు గట్టు మీద నిలబడి గంట లెక్కపెడుతుంటే ఏ డ్రైవరైనా విసిగిపోతాడు. చివరికి ఒక మెకానిక్‌తో, "బోల్టు నిలవట్లేదన్నా, గట్టిది ఏదైనా వేసెయ్" అన్నాడు. అప్పటికే యోక్ (షాఫ్ట్ చివర క్రాస్‌ని పట్టుకునే ముక్క) మీది బోల్టు రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగి ఉన్నాయి. మెకానిక్ వాటిని పదిన్నర మి.మీ.కి డ్రిల్ చేసి, ఎం10 (అంటే 10 మి.మీ. వ్యాసం) అలెన్ బోల్టు, 12.9 గ్రేడుది బిగించాడు.

ఆ తర్వాత బోల్టు తెగలేదు. పది రోజులకి, అంతకుముందు నీలగిరి తోట ఉన్న పొలంలో దిగినప్పుడు రోటర్‌కి వేరు చుట్టుకుంది, గేర్ బాక్స్ పోయింది. కర్ణాటకలో 2017లో నీలగిరి కొత్తగా నాటడం మీద నిషేధం వచ్చింది. ఈ ప్రాంతంలో పాత తోటలు కొట్టి రాగికో కూరగాయలకో మళ్లించిన నేలలు చాలానే ఉన్నాయి. జేసీబీతో మొద్దు పీకినా పక్క వేర్లు అడుగు లోతులో మిగిలిపోతాయి. అలాంటి నేలలో పని ఒప్పుకునేవాళ్లు షియర్ బోల్టు విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

గట్టి బోల్టు వేయడం తప్పే. కానీ అంతకుముందే ఒక ప్రశ్న వదిలేశారు: రాయి తగలకుండా బోల్టు ఎందుకు తెగుతోంది?

లెక్క

ఈ షాఫ్ట్‌లో షాఫ్ట్ నడిమి నుంచి బోల్టు నడిమికి దూరం 45 మి.మీ. బోల్టు ఒక్కటే, అది ఒక్క చోటే కోతకి గురవుతుంది. 45 హెచ్‌పీ ఇంజన్‌కి పీటీఓ దగ్గర అందేది సుమారు 38 హెచ్‌పీ, అంటే దాదాపు 28 కిలోవాట్లు. కిలోవాట్లని 9550తో గుణించి 540తో భాగిస్తే సుమారు 495 న్యూటన్ మీటర్లు. 500 అనుకుందాం. ఫుల్ లోడ్‌లో షాఫ్ట్ మామూలుగా మోసేది ఇంత. బోల్టు దీనికి రెండు నుంచి మూడు రెట్ల మధ్యలో తెగాలి. రెండుకి బాగా తగ్గితే గట్టి నేలలో ఊరికే తెగుతుంది, మూడు దాటితే బోల్టు కంటే ముందు గేర్ల మీదికి వస్తుంది.

గ్రేడులో మొదటి అంకెని వందతో గుణిస్తే లాగుడు బలం వస్తుంది. 8.8 అంటే చదరపు మి.మీ.కి 800 న్యూటన్లు, 4.6 అంటే 400, 12.9 అంటే 1200. కోత బలం అందులో సుమారు 60 శాతం. ఎం8 బోల్టు మర లేని ఒంటి వైశాల్యం 50.3 చదరపు మి.మీ. మర అడుగున మిగిలేది 32.8 మాత్రమే. ఈ రెండంకెల తేడా దగ్గరే ఈ కేసు సగం తేలిపోతుంది.

8.8 గ్రేడు ఎం8, కోత పడే చోట నున్నటి ఒళ్లు ఉంటే: 50.3ని 480తో గుణిస్తే 24.1 కిలోన్యూటన్లు, 45 మి.మీ. దూరానికి 1,086 న్యూటన్ మీటర్లు. మామూలు లోడుకి 2.2 రెట్లు. ఈ మెషీన్‌కి కావాల్సింది సరిగ్గా ఇదే, మాన్యువల్‌లో ఉన్నదీ ఇదే.

అదే 8.8 గ్రేడు, కోత పడే చోట మర ఉంటే: 708 న్యూటన్ మీటర్లు, అంటే 1.4 రెట్లే. గట్టి గడ్డ తగిలినా చాలు.

గుర్తు లేని ఎంఎస్ బోల్టు, 4.6 అనుకుంటే, నున్నటి ఒంటి మీద 543, మర మీద 354. మర మీద పడితే ఇది ఫుల్ లోడునే మోయలేదు. మెత్తటి నేలలోనూ తెగిందన్న డ్రైవర్ మాట నిజమే.

ఇక మెకానిక్ వేసిన ఎం10, 12.9: నున్నటి ఒంటి మీద 2,500 న్యూటన్ మీటర్ల పైనే, ఐదు రెట్లు. మర మీద పడినా దాదాపు 1,700, మూడున్నర రెట్లకి దగ్గర. రంధ్రం పెద్దదైపోయింది కదా, ఎం10లోనే 8.8 వేస్తే పోలేదా అని కొందరు అడుగుతారు. అదీ నున్నటి ఒంటి మీద 1,700 దగ్గరికే వస్తుంది. వ్యాసం 2 మి.మీ. పెరిగితే బలం సగానికి పైగా పెరుగుతుంది, కాబట్టి ఇందులో "కొంచెం పెద్దది" అనే మాటకి చోటు లేదు.

తెగిన ముక్కలు చెప్పింది

డ్రైవర్ పాత ముక్కలు టూల్ బాక్స్ అడుగున పడేసి ఉంచడం మేలు చేసింది. తెగిన బోల్టులు పారేయకూడదు, కనీసం సీజన్ అయ్యేదాకా డబ్బాలో వేసి ఉంచాలి. వాటిని డీజిల్‌తో కడిగి, పగటి వెలుగులో, భూతద్దం కింద తిప్పి చూస్తే సంగతి తెలుస్తుంది.

దెబ్బకి ఒక్కసారిగా తెగిన బోల్టు ముఖం చదునుగా ఉంటుంది. ఒక వైపుకి పులిమినట్టు మెరుస్తుంది, ఆ వైపు అంచు కాస్త పైకి లేచి గోటికి గీరుకుంటుంది. వీటిలో అలాంటివి రెండే ఉన్నాయి. మిగతావాటి ముఖం రెండు రకాలుగా ఉంది. ఒక అంచు నుంచి లోపలికి నల్లబడిన నున్నటి భాగం, అందులో చెరువు గట్టున నీళ్లు దిగుతూ వదిలిన చారల్లాంటి వంపు గీతలు. మిగిలిన కొంత భాగం మాత్రమే కొత్తగా, గరుకుగా, బూడిద రంగులో ఉంది. ఆ గీతలు అలసటవి. అంటే ఒక్క దెబ్బకి తెగలేదు. మర గాడిలో సన్నటి బీట పుట్టి, ప్రతి కుదుపుకీ కొంచెం కొంచెం లోపలికి నడిచి, చివరికి మిగిలిన కాస్త ఇనుము ఓర్చలేక తెగింది. బీటలన్నీ మర అడుగు నుంచే మొదలయ్యాయి. రెండు ముక్కలైతే తెగే ముందు వంగి కూడా ఉన్నాయి. వంగిందంటే రెండు ఫ్లాంజ్‌ల (బోల్టు కలిపి బిగించే యోక్, హబ్ అంచు పలకలు) మధ్య సందు వచ్చిందని అర్థం.

అలసట కనబడితే కుదుపు ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి. ఈ షాఫ్ట్ చదరపు కడ్డీ, చదరపు గొట్టంలో జారే రకం. ఎప్పుడో విప్పి మళ్లీ కూర్చినప్పుడు ఒక మలుపు తేడాగా దూర్చేశారు. లోపలి రెండు యోక్‌లు, అంటే గొట్టానికి ఒకటి, కడ్డీకి ఒకటి ఉన్నవి, ఒకే తలంలో ఉండాలి. ఇక్కడ 90 డిగ్రీల తేడాతో ఉన్నాయి. సరిగ్గా ఉంటే మొదటి క్రాస్ వేగంలో తెచ్చే హెచ్చుతగ్గుల్ని రెండోది సరిచేస్తుంది. తేడాగా ఉంటే రెండూ కలిసిపోతాయి. ఒక్కో జాయింటు 20 డిగ్రీల వంపులో ఉందనుకుంటే, ట్రాక్టర్ 540 తిప్పుతున్నా గేర్ బాక్స్ దగ్గర వేగం చుట్టుకి రెండుసార్లు 611 దాకా ఎగబాకి 477 దాకా పడుతుంది. సెకనుకి 9 చుట్లు, అంటే సెకనుకి 18 కుదుపులు. బోల్టు అలసిపోకుండా ఎలా ఉంటుంది? సాగిన రంధ్రంలో ఆ కుదుపు సుత్తి దెబ్బలా మారుతుంది, రంధ్రం ఇంకా సాగుతుంది.

మూడు కారణాలు ఒకదాన్నొకటి పెంచాయి: మర ఉన్న నాసి బోల్టు, తప్పుగా కూర్చిన యోక్‌లు, సాగిన రంధ్రం. వీటిలో ఏ ఒక్కటీ గట్టి బోల్టుతో బాగుపడదు.

సరిచేసిన పద్ధతి

క్రౌన్ పినియన్ జతగానే మార్చాలి. పాత పినియన్‌కి కొత్త క్రౌన్ వేస్తే పళ్ల పొందిక కుదరదు. పగిలిన పళ్ల ముక్కలు బేరింగుల్లోకి వెళ్లి ఉంటాయి కాబట్టి బేరింగులు, ఆయిల్ సీళ్లు కూడా మార్చి, హౌసింగ్‌ని డీజిల్‌తో రెండుసార్లు కడిగి, గేర్ ఆయిల్ కొత్తది పోయాలి. ఈ భాగం ఏ వర్క్‌షాప్‌లోనైనా తెలిసిన పనే.

రంధ్రాల దగ్గర సమయం పట్టింది. పదిన్నరకి డ్రిల్ చేసిన రంధ్రాన్ని వెల్డింగ్‌తో పూడ్చి మళ్లీ 8కి వేయడం చాలామంది చేసే పని. వెల్డ్ చేసిన చోట ఇనుము ఒక్కోచోట ఒక్కోలా గట్టిపడుతుంది, రంధ్రం నెల తిరగకుండా మళ్లీ సాగుతుంది. బుష్, అంటే రంధ్రంలో దూర్చే గట్టి గొట్టపు ముక్క, వేయడం నయం. రెండు ఫ్లాంజ్‌లనీ కలిపి బిగించి, లేత్ మీద ఒకేసారి 14 మి.మీ.కి బోర్ చేయించాలి. విడివిడిగా చేస్తే నడిమి తప్పుతుంది. ఈఎన్31 ఉక్కుతో బయట 14, లోపల 8.2 మి.మీ. బుష్‌లు తిప్పించి, 55 హెచ్‌ఆర్‌సీ (గట్టిదనపు కొలత) దగ్గరికి హార్డెన్ చేయించి, ప్రెస్ ఫిట్‌గా కొట్టాలి. బెంగళూరు పారిశ్రామిక ప్రాంతం పీణ్యలో ఈ లేత్ పని, హీట్ ట్రీట్‌మెంట్ రెండూ దగ్గర దగ్గరే అయిపోతాయి. బుష్‌ల ముఖాలు ఫ్లాంజ్ ముఖానికి సమంగా ఉండాలి. లోపలికి దిగితే బోల్టు కోతకి బదులు వంగుతుంది, బయటికి పొడుచుకొస్తే ఫ్లాంజ్‌లు ఆనుకోవు. గట్టి బుష్ అంచు కత్తెరలా పనిచేస్తుంది, బోల్టు తెగినప్పుడు చీలికలు లేకుండా తెగుతుంది, రంధ్రం పాడవదు.

బోల్టు తెగాక యోక్ హబ్ మీద వదులుగా తిరగాలి. దీన్ని ఎవరూ చూడరు. ఈ మెషీన్‌లో హబ్‌కీ యోక్‌కీ మధ్య తుప్పు పట్టి, బోల్టు తీసేసినా రెండు చేతులతో తిప్పితే కదల్లేదు. అలా పట్టేస్తే బోల్టు తెగినా షాఫ్ట్ రోటర్‌ని లాగుతూనే ఉంటుంది, సరైన బోల్టు వేసినా గేర్ బాక్స్‌కి రక్షణ ఉండదు. హబ్ విప్పి, ఎమెరీ కాగితంతో తుప్పు తీసి, గ్రీజు నిపుల్ శుభ్రం చేసి, చేతితో తేలిగ్గా తిరిగేదాకా గ్రీజు పట్టించాలి. ఆ తర్వాత బోల్టు మార్చిన ప్రతిసారీ రెండు మూడు పంపులు గ్రీజు.

బోల్టు కొనేటప్పుడు

బెంగళూరు ఎస్పీ రోడ్డులోనైనా హోస్కోటె హార్డ్‌వేర్ షాపులోనైనా "ఎం8 షియర్ బోల్టు" అని అడిగితే చేతికందింది ఇస్తారు. అడగాల్సిన మాట: "ఎం8, 45 పొడుగు, హాఫ్ థ్రెడ్, 8.8 మార్కుది." హాఫ్ థ్రెడ్ అంటే మర కొంత దూరమే ఉండి, తల వైపు ఒళ్లు నున్నగా ఉన్నది. తల మీద 8.8 అనీ, తయారీదారు గుర్తూ రెండూ అచ్చు పడి ఉండాలి. పసుపు రంగు, తెలుపు రంగు అనేవి జింక్ పూత తేడాలు మాత్రమే, గ్రేడుకి సంబంధం లేదు. పసుపు రంగుది హెచ్‌టీ (హై టెన్సైల్, అంటే గట్టి రకం) అని చెప్పి అమ్మేవాళ్లున్నారు. తల మీద అంకె లేకపోతే అది ఎంత గట్టిదో ఎవరికీ తెలియదు, వదిలేయాలి. భారతీయ ప్రమాణాల్లో ఐఎస్ 1364 మొదటి భాగం హాఫ్ థ్రెడ్ హెక్స్ బోల్టులది, రెండో భాగం పూర్తి మర ఉన్నవాటిది. గ్రేడు బలాలు ఐఎస్ 1367 మూడో భాగంలో ఉంటాయి. పెద్ద షాపులో ఈ అంకె చెబితే సరైన డబ్బా దిగుతుంది.

45 పొడుగే ఎందుకన్నది లెక్కలో ఉంది. ఈ యోక్ ఫ్లాంజ్ 16 మి.మీ., హబ్ ఫ్లాంజ్ 12, కలిపి 28. హాఫ్ థ్రెడ్ ఎం8 బోల్టుకి మర పొడుగు 22 మి.మీ. 45లో 23 మి.మీ. మర బయటే ఉంటుంది. అయితే మర ఒక్కసారిగా ఆగదు, చివర్లో ఆరేడు మి.మీ. దాకా సన్నగా తేలుతూ పోవచ్చు. కచ్చితంగా నున్నగా ఉంటుందని నమ్మదగింది సుమారు 16.75 మి.మీ. కాబట్టి బోల్టు తల హబ్ వైపు, అంటే 12 మి.మీ. ఫ్లాంజ్ వైపు ఉండాలి. అప్పుడు కోత 12వ మి.మీ. దగ్గర పడుతుంది, నున్నటి ఒళ్లే. తల 16 వైపు పెడితే కోత మర మొదలయ్యే అంచుని ఒరుసుకుంటుంది. 40 పొడుగుదైతే నున్నటి భాగం 12 మి.మీ. కంటే కూడా తగ్గొచ్చు. ఇక 50 పొడుగుది తెస్తే మర 28 దగ్గరే ఆగిపోతుంది, నట్టు అక్కడ తట్టుకుంటుంది. స్పానర్‌కి బిగిసినట్టే ఉంటుంది, ఫ్లాంజ్‌లు మాత్రం వదులుగా ఆడుతుంటాయి. మీ షాఫ్ట్‌కి ఫ్లాంజ్ మందాలు వేరుగా ఉంటే వెర్నియర్‌తో కొలిచి ఇదే లెక్క వేసుకోవాలి.

స్టెయిన్‌లెస్ బోల్టు వద్దు. తుప్పు పట్టదని కొందరు వేస్తారు. కాగితం మీద 8.8కి దగ్గర బలమే కనిపిస్తుంది. కానీ అది చాలా సాగి, వంగి, ఆలస్యంగా తెగుతుంది. ఆ సాగే క్షణంలోనే గేరు పన్ను దెబ్బ తింటుంది. తెగాక ముక్క బుష్‌లో అతుక్కుని బయటికి రావడమూ కష్టమే.

కొత్త డబ్బా తెచ్చినప్పుడు మూడు బోల్టులు పరీక్షించడం మంచి అలవాటు. గట్టి బుష్‌లు కొట్టిన రెండు ప్లేట్ల జిగ్, గేజ్ ఉన్న 5 టన్నుల హైడ్రాలిక్ జాక్ చాలు. 8.8 ఎం8 నున్నటి ఒంటి మీద దాదాపు రెండున్నర టన్నుల నుంచి 2.8 టన్నుల మధ్య తెగాలి. టన్నున్నర లోపే తెగితే డబ్బా వెనక్కి. మూడు దాటినా వెనక్కే. ముక్కలు ఎగురుతాయి, ముందు కవచం పెట్టుకోవాలి.

పొలంలో మార్చేటప్పుడు

రోటవేటర్ నేల మీద దించి, పీటీఓ లీవర్ న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే షాఫ్ట్ మీద చెయ్యి. 7 మి.మీ. పంచ్‌తో రెండు ముక్కలూ బయటికి కొట్టాలి. లోపల ముక్క మిగిలితే కొత్త బోల్టు వాలుగా కూర్చుంటుంది. యోక్‌ని ఒక చుట్టు తిప్పి, హబ్ వదులుగా ఉందో లేదో చూసి, గ్రీజు పెట్టి, రంధ్రాలు కలిపి బోల్టు వేలితో దూరాలి. సుత్తితో కొట్టాల్సి వస్తే బుష్ అంచు దెబ్బ తిందని అర్థం. నైలాక్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉన్నది) ప్రతిసారీ కొత్తది. 13 స్పానర్‌తో బిగువుగా, 20 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాలి. పైపు తొడిగి బిగిస్తే బోల్టు ముందే సగం బలం తాకట్టు పెట్టినట్టు.

డ్రైవర్‌కి చెప్పిన మాటలు మూడే. పీటీఓ తక్కువ రేసులో కలిపి, తర్వాత పెంచాలి. తిరుగుతున్న రోటర్‌ని నేల మీద దబ్బున పడేయకూడదు. చివర తిప్పుకునేటప్పుడు మరీ పైకి ఎత్తకూడదు, ఎత్తితే పీటీఓ ఆపేయాలి, ఆ వంపులో క్రాస్‌లు, బోల్టు రెండూ అనవసరంగా కొట్టుకుంటాయి.

షాఫ్ట్ యోక్‌లు ఒకే తలంలో కూర్చి, మళ్లీ తప్పకుండా గొట్టం మీదా కడ్డీ మీదా పెయింట్‌తో గీత పెట్టారు. మెషీన్ మళ్లీ అదే నీలగిరి నేలలో దిగింది. మొదటి వారంలో బోల్టు రెండుసార్లు తెగింది. రెండుసార్లూ రోటర్‌కి చెయ్యి మందం వేరు చుట్టుకుని ఉంది. ముక్కల ముఖాలు చదునుగా, ఒక వైపు పులిమినట్టుగా ఉన్నాయి, వంపు గీతలు లేవు. గేర్ ఆయిల్ దింపి అయస్కాంతం తిప్పితే నలుసు అంటలేదు. టూల్ బాక్స్‌లో ఇప్పుడు 8.8 మార్కు బోల్టులు 20, నైలాక్ నట్లు 20, పంచ్ ఒకటి ఉన్నాయి. ఎం10 అలెన్ బోల్టు మాత్రం వర్క్‌షాప్‌లోనే ఉంచేశారు.